మూకీ పోయింది, తోటరాముణ్ణయినా దాచుకుందాం

రఘుపతి వెంకయ్య పేరున సర్కారు అవార్డుంది. కొడుకు ప్రకాశ్ దర్శకత్వంలో ఆయన 1921లో తీయించిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' చూద్దామంటే మాత్రం ప్రింటే లేదు. ఆనాటి నైట్రేట్ రీళ్లు ఇట్టే అంటుకుంటయ్, సరిగా దాచకపోతే పాడైపోతయ్.

కత్తియుద్ధాల సినిమాలు కొంత నయం. తెనాలి చక్రపాణి, నాగిరెడ్డి కలిసి తీసిన 'పాతాళభైరవి' (1951) మరుసటేడు అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఆడింది. తోటరాముడు ఇప్పటికీ ఫోన్లో దొరుకుతాడు. ఫెయిర్‌బ్యాంక్స్ నటించిన అమెరికా మూకీ 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' (1924)కి కాపీరైట్ తీరిపోయింది. ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చు.

ఇంట్లో ఒక్కళ్లమే చూస్తే సరిపోదు. మూకీ అంటే తెర పక్కన హార్మోనియం మోగాలి, ఒకళ్లు కథ చెప్పాలి, జనం ఈలెయ్యాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె లైబ్రరీల్లో నెలకో ఆట వెయ్యమని అడుగుదాం. అడిగే జనం ఉంటేనే రీళ్లు దాచే సర్కారు ఉంటది.