కొన్నది సరే... చేసిందేదీ?

నెలలో చివరి ఆదివారం. పొద్దున ఏడున్నర. సికింద్రాబాద్ అవతల కాప్రాలో ఒక ఇంటి కింద కార్ పార్కింగ్. కారును వీధిలో పెట్టి, నేలంతా ఊడ్చి, ఓ పాత దుప్పటి పరుస్తాం. చాయ్ ఫ్లాస్కు ఓ మూలకి చేరుతుంది. తర్వాత ఐదుగురం ఆ నెలలో కొన్నవన్నీ ఒక్కొక్కటిగా సంచుల్లోంచి తీసి దుప్పటి మీద పెడతాం.

పండక్కి చీరలు కొన్నవాళ్లు పక్కింటివాళ్లకి మడతలు విప్పి చూపిస్తారు చూడండి, అచ్చం అలాగే. కాకపోతే మావి రెంచీలు, రంపాలు, ఉలులు.

మాలో ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు. ఒకరు బ్యాంకు ఉద్యోగి. ఒకరు కాలేజీలో పాఠాలు చెప్పే అక్క. ఒక తమ్ముడికి బైకంటే ప్రాణం. ఇల్లు ఎవరిదంటారా, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయనది. ఆయన్ని అందరం బాబాయ్ అంటాం. ఐదోవాణ్ని నేను. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. బాబాయ్‌కి నిజం గ్యారేజీ ఉంది. నా గ్యారేజీ అంటే ఏఎస్‌ రావు నగర్‌లో అద్దె ఫ్లాటుకున్న ఆరడుగుల బాల్కనీ.

దుప్పటి మీద ఏముంది?

గత జులైలో ఏమేం వచ్చాయో చెబుతాను. తమ్ముడు టార్క్ రెంచ్ తెచ్చాడు. ఎంత బిగింపు కావాలో పిడి మీద సెట్ చేస్తే, అక్కడికి రాగానే 'టిక్' అంటుంది. అంతకుముందు ఇంజిన్ ఆయిల్ మార్చేటప్పుడు చేతి బలం కొద్దీ బోల్టు బిగించి, అల్యూమినియం కేసింగ్‌లో మరలు పాడు చేసుకున్నాడు. లెక్క చాలా చిన్నది. ముప్పై సెంటీమీటర్ల పిడి చివర పది కిలోల బలం పెడితే సుమారు 30 న్యూటన్ మీటర్లు. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి పది దరిదాపుల్లో చాలు. అంటే మనం 'మామూలుగానే తిప్పాను' అనుకునే సరికే దాని పని అయిపోతుంది. ఇంకో రెండు మాటలు కూడా చెప్పాడు. దీన్ని బిగించడానికే వాడాలి, మొండి బోల్టులు విప్పడానికి కాదు. పనయ్యాక స్కేలును కింది అంకెకి తెచ్చి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోతుంది.

అక్క చూపించింది జపాన్ తరహా స్క్రూడ్రైవర్లు. 'ప్లస్ గుర్తున్నవన్నీ ఒకటే కదా' అన్నాన్నేను. కాదట. మనం ఫిలిప్స్ అని పిలిచే స్క్రూకి పేటెంట్లు 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్‌కి వచ్చాయి. కార్ల ఫ్యాక్టరీల్లో గబగబా బిగించడానికి బాగా పనికొచ్చింది. జపాన్ ప్రమాణంలో చేసిన ప్లస్ స్క్రూ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, మామూలు ఫిలిప్స్ డ్రైవర్ మొన అందులో పూర్తిగా కూర్చోదు. తిప్పగానే పైకి జారి గాడి అరిగిపోతుంది. పాత జపాన్ కార్బురేటర్ల మీద స్క్రూలన్నీ గుండు కొట్టించుకున్నట్టు ఉండటానికి కారణం ఇదే. స్క్రూ తల మీద చిన్న చుక్క కనిపిస్తే అది జపాన్‌దని గుర్తు.

బ్యాంకు అన్న 72 పళ్ల రాచెట్ తెచ్చాడు. 360ని 72తో భాగిస్తే ఐదు. అంటే పిడి ఐదు డిగ్రీలు కదిలే చోటున్నా చాలు, ఇరుకులోనూ బోల్టు తిరుగుతుంది. 'సాకెట్లు ఆరు మూలలవి తీసుకోండి, పన్నెండు మూలలవి తుప్పుపట్టిన బోల్టు అంచుల్ని త్వరగా తినేస్తాయి' అని సలహా కూడా ఇచ్చాడు.

బాబాయ్‌ది మాత్రం ఎప్పుడూ కొత్తది కాదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఇనుముతో పాటు పడి ఉన్న ఒక ఇనప రందని ఏరుకొచ్చారు. రంద అంటే చిత్రిక పట్టే పనిముట్టు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తుప్పు రుద్ది, సోడా నీళ్లతో కడిగి, ఆరగానే నూనె రాశారు. 'దీని నమూనా లియొనార్డ్ బెయిలీది. ఆ పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొనుక్కుంది. ఇప్పటికీ ప్రపంచంలో సగం రందలు ఈ పోలికలోనే చేస్తున్నారు' అంటూ మనవణ్ని చూపించినట్టు చూపించారు. ఆ 'సగం' బాబాయ్ లెక్క. పేటెంట్ల సంగతి మాత్రం నిజమే.

చివరికి నా వంతు. ఆరు ఉలుల సెట్టు. ఆరు మిల్లీమీటర్ల నుంచి ముప్పై రెండు దాకా. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. అందరూ బాగున్నాయన్నారు. బాబాయ్ మాత్రం ఒకటే అడిగారు.

"బాగున్నయి. దీనితో ఏం చేసినవు?"

"ఇంకా ఏం లేదు బాబాయ్."

"పోయిన నెల రంపం తెచ్చినవు కదా, దానితో?"

చాయ్ చల్లారిపోతోందని ఫ్లాస్కు వైపు తిరిగాను.

బెంచ్ మీద రోజులు

అప్పటికి నేను రెండు నెలలుగా బెంచ్ మీదున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: పాత ప్రాజెక్టు అయిపోయి, కొత్తది దొరక్క, జీతం తీసుకుంటూ ఖాళీగా ఉండటం. వినడానికి హాయిగా ఉంటుంది. రోజూ లాగిన్ అవ్వాలి, ఎవరూ పని చెప్పరు. ఏ మెయిల్ వచ్చినా గుండె ఝల్లుమంటుంది. జీతం ఎన్నాళ్లొస్తుందో తెలియని రోజుల్లో ఎవరైనా ఖర్చు తగ్గించుకుంటారు. నేను పనిముట్లు కొన్నాను.

ఎందుకంటే కొన్నప్పుడు ఏదో పని చేసినట్టుండేది. ఏ ఉక్కు మంచిది, ఏ పిడి బాగుంటుంది అని అర్ధరాత్రి దాకా చదవడం, ఆర్డర్ పెట్టడం, పార్శిల్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడం... రోజు గడిచిపోయేది. మా ఆవిడ రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి పార్శిల్ తీసుకుని, "ఇంకొకటా? ముందు వచ్చినవి విప్పావా?" అంది. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. రెండు నెలల్లో 18,600 రూపాయలు. చేసిన వస్తువులు సున్నా.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఇంజినీరింగ్ మొదటేడాది వర్క్‌షాప్‌లో చెక్కతో డవ్‌టెయిల్ జాయింట్ చేయాలి. నాది నేను చేయలేదు. చేయి తిరిగిన క్లాస్‌మేట్‌తో చేయించుకుని మార్కులు వేయించుకున్నాను.

'ఫస్టు సంచి జూస్తరు'

ఆగస్టు వానలకి మా బాత్రూమ్ తలుపు ఉబ్బి పట్టేసింది. వాచ్‌మన్ ఒక వడ్రంగిని తీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. చేతిలో ఒక రంద, ఒక రంపం. అంతే. అంచు చిత్రిక పట్టాక, గొళ్లెం పడే గాడిని సరిచేయాల్సొచ్చింది.

"సార్, ఇంట్ల ఉలి ఏమన్న ఉందా?"

ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నవాడిలా లోపలికి పరిగెత్తి సెట్టు తెచ్చాను. ఆయన ఒకటి తీసి, అంచును బొటనవేలి గోరు మీద ఆనించాడు. జారిపోయింది.

"కొత్తదే. గని దీంతోని కట్టె తెగది సార్. నలుగుతది."

ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఉలికి వాలు మాత్రమే ఉంటుందని, పదును మనమే పెట్టుకోవాలని అప్పటిదాకా నాకు తెలీదు. నీళ్లలో తడిపి వాడే సాన రాయి కూడా కొన్నాను. ఒకవైపు 1000 నంబరు, రెండోవైపు 6000. అదీ కవర్లోనే ఉంది. ఆయనే విప్పాడు. బాత్రూమ్ గడప దగ్గర కూర్చుని పావుగంటలో ఒక ఉలిని నూరాడు. ఆ తర్వాత తలుపు చెక్కలోంచి వచ్చిన పొర ఉల్లిపొరలా పల్చగా ఉంది.

డబ్బులిస్తుంటే కాస్త తటపటాయించి అడిగాడు. పది రోజుల కింద ఆటోలో పనిముట్ల సంచి మర్చిపోయాడట. ఆటో దొరకలేదు. రంద, రంపం తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకున్నాడు.

"అడ్డా మీద నిలబడితే ఫస్టు సంచి జూస్తరు సార్. సంచి లేకుంటే మేస్త్రీ పక్కనోణ్ని పిలుస్తడు. నాల్గు దినాలు ఇయ్యి, మళ్ల తెచ్చిస్త."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. మా దగ్గరా అంతే కదా, మనిషి కంటే ముందు రెజ్యూమే చూస్తారు. అయినా సిగ్గు విడిచి చెబుతున్నా, వెంటనే 'తీసుకెళ్లండి' అనలేకపోయాను. కవరు కూడా సరిగా తీయని సెట్టు. ఊరూ పేరూ తెలియని మనిషి. నేను తేల్చుకోలేకపోతుంటే, వెనకనుంచి మా ఆవిడే సాన రాయి తెచ్చి ఆయన సంచిలో పెట్టింది. "దీంతో పాటు ఇస్తేనే కదా పనికొస్తుంది" అంది.

మూడు రోజులు గడిచాయి. నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. నాలుగో రోజు సాయంత్రం గంట మోగింది. ఆరు ఉలులూ ఉన్నాయి. ఆరింటికీ పదును ఉంది. ఇచ్చినప్పటి కంటే మంచి స్థితిలో అప్పు తిరిగి రావడం నా జీవితంలో అదే మొదటిసారి. కిరాయి అంటూ రెండొందలు తీశాడు. నేను తీసుకోలేదు. అప్పుడు చొక్కా జేబులోంచి న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం తీసి విప్పాడు. రెండు ఉలులు. ఆ నాలుగు రోజుల కూలితో రాణిగంజ్ వెళ్లి కొనుక్కున్నవి.

"మంచిగున్నయా సార్?" అని నా చేతిలో పెట్టి, మొహంలోకి చూశాడు.

మా దుప్పటి చుట్టూ ప్రతి నెలా కనిపించే సంబరమే అది. తేడా ఏంటంటే, ఆయన వాటిని అప్పటికే నూరేశాడు. తెల్లారితే వాటికి పని ఉంది.

చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్రం 2023 సెప్టెంబరులో తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్ల కిట్‌కి ఇచ్చేది 15,000 రూపాయల వరకు. ఆ అంకె చదివినప్పుడు నా 18,600 గుర్తొచ్చింది. ఒక మనిషి పని మళ్లీ మొదలుపెట్టడానికి సరిపోతుందని లెక్కగట్టిన డబ్బు కంటే ఎక్కువే నా మంచం కింద కవర్లలో ఉంది.

మొదటి బెంచీ

కిరాయికి బదులు పని నేర్పమన్నాను. రెండు ఆదివారాలు వచ్చాడు. మొదటి రోజంతా నూరడమే. ముందు ఉలి వెనకవైపు, కొన దగ్గర ఒక అంగుళం మేర రాయి మీద చదును చేయాలి. అది అద్దంలా కానిదే ముందువైపు ఎంత నూరినా లాభం లేదు. తర్వాత వాలును, అంటే సుమారు పాతిక డిగ్రీలు, రాయి మీద పూర్తిగా ఆనించి నూరాలి. వెనకవైపు వేలితో మెల్లగా తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. అంచు పొడవునా అది తగిలితే నూరుడు కొన దాకా చేరినట్టు. అప్పుడు నునుపు రాయి, చివర్లో పాత తోలు బెల్టు మీద నాలుగు రుద్దులు. నా మొదటి ఉలికి గంటన్నర పట్టింది. ఆయన పావుగంట నాకు అప్పుడర్థమైంది.

కూల్చేసిన ఒక పాతింటి టేకు దర్వాజా ముక్కలు ఆయనే చవగ్గా ఇప్పించాడు. దాంతో బాల్కనీలో పట్టే చిన్న పనిబల్ల మొదలుపెట్టాను. కాలి చివర నాలుకలా కోసి, పైచెక్కలో రంధ్రం తొలిచి, మేకు లేకుండా కూర్చోబెట్టాలి. మొదటి రంధ్రం వంకర. రెండోది వదులు. మూడోది పర్లేదు. నాలుగోది కూర్చున్నప్పుడు 'టప్' మని ఒక శబ్దం వచ్చింది. వర్క్‌షాప్ ల్యాబ్‌లో పదేళ్ల కింద వినాల్సిన శబ్దం అది. ఒక కాలు మూడు మిల్లీమీటర్లు పొట్టి అయింది. కింద రబ్బరు ముక్క అంటించాను. ఆరు వారాలు పట్టిన ఆ పనికి ఆరులో మూడే ఉలులు వాడాను. మిగతా మూడు కొనాల్సిన అవసరమే లేదు.

బల్ల పూర్తయ్యే లోపే ఆఫీసులో ప్రాజెక్టు దొరికింది. నేను కోరుకున్నదేం కాదు, పాత కోడ్‌కి మరమ్మతులు చేసే పని. బల్ల చేసినందుకు అది రాలేదు. కానీ ఎదురుచూసిన ఆఖరి నెల, మెయిల్ వచ్చినప్పుడల్లా గుండె అంతలా జారలేదు. చేతిలో ఉలి ఉన్నప్పుడు ఫోన్ చూడటం కుదరదు మరి.

సెప్టెంబరు చివరి ఆదివారం బల్లను ఆటోలో వేసుకుని కాప్రా వెళ్లాను. దుప్పటి మీద కాదు, పక్కన పెట్టాను. బాబాయ్ చుట్టూ తిరిగి చూసి, వంగి, పొట్టి కాలు దగ్గరే ఆగారు. రబ్బరు ముక్కని వేలితో నొక్కి నవ్వారు. ఆ రోజే మా అయిదుగురం ఒక రూల్ పెట్టుకున్నాం. కొత్తది చూపించాలంటే, ముందు పోయిన నెల కొన్నదానితో చేసిన పని చూపించాలి. బిగించిన బోల్టయినా సరే, సరిచేసిన గొళ్లెమైనా సరే.

అక్టోబరులో దుప్పటి మీద రెండే వస్తువులు కనిపించాయి. వాటిలో నాది లేదు. దసరా ఆయుధపూజకి మాత్రం ఆరు ఉలులకీ బొట్టు పెట్టాను. వాడని ఆ మూడూ మరుసటి రోజు నుంచి వడ్రంగి పెద్దాయన సంచిలో ఉన్నాయి. "మళ్ల ఎప్పుడు తెచ్చియ్యాలె?" అని అడిగాడు. "పదును పోయినప్పుడు" అన్నాను. ఆయన దగ్గర అది జరగదని ఇద్దరికీ తెలుసు.