చప్రాసీ అనే బంగారు చేప

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పరిచే పాత పుస్తకాల్లో ఇంగ్లీషు పిల్లల పాటల సంకలనాలూ ఉంటాయి. వాటిలో ఎడ్వర్డ్ లియర్ ‘కమర్‌బండ్’ పద్యం కంటపడితే హైదరాబాదీకి కలిగే సంబరం లండన్ పాఠకుడికి దక్కదు.

మన దేశంలో తిరుగుతూ లియర్ రాసిన ఈ పద్యం 1874లో బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియాలో అచ్చయింది. అందులో చప్రాసీలు ఏట్లో ఈదే బంగారు చేపలు. ఆయాలు చిటారు కొమ్మల మీద వాలిన ఆకుపచ్చ పిట్టలు. భిస్తీలు కిచకిచమంటాయి, మష్క్ రాత్రంతా మూలుగుతుంది. దోబీ మీద కూర్చుని చుక్కను చూస్తున్న దొరసానిని చివరికి కమర్‌బండ్ మింగేస్తుంది!

ఇవేవీ లియర్ పుట్టించిన మాటలు కావు. చప్రాసీ నాంపల్లి ఆఫీసుల్లో ఫైళ్లు మోసే మనిషి. భిస్తీ తోలుతిత్తిలో నీళ్లు పోసేవాడు, ఆ తిత్తే మష్క్. కమర్‌బంద్ నడుముకట్టు. తెలియని చెవికి అవి వింత జంతువులు. తెలిసిన చెవికి నవ్వు రెట్టింపు.

లూయీ కరోల్ మాత్రం మాటల్ని తానే తయారుచేశాడు. ఆయన ‘జాబర్‌వాకీ’ పద్యం 1871లో ఆలిస్ రెండో పుస్తకంలో వచ్చింది. అందులోని కొన్ని మాటల గుట్టు హంప్టీ డంప్టీ విప్పుతాడు: రెండు మాటల్ని మడిచి ఒకే సంచిలో సర్దడమేనట. లోలోపలి నవ్వునూ ముక్కుచప్పుడునూ కలిపిన ‘చార్టిల్’ ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది. ఆ మాటకొస్తే నాంపల్లీ అలాంటిదే. కుతుబ్‌షాహీల నాటి నేక్‌నామ్ ఖాన్ పేరులోని పారశీ ముక్కకు మన ‘పల్లి’ తగిలి ఆ పేరు వచ్చిందంటారు.

తెలుగు పిల్లల పాటల్లో ‘కాళ్ళా గజ్జా కంకాళమ్మ’కు ఇలాంటి అర్థాల వేట ఎక్కువే. గజ్జ అంటే గజ్జి అనీ, పాటంతా దానికి మూలికావైద్యమనీ ఒక వ్యాఖ్యానం చాలాకాలంగా చెలామణిలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, కాళ్లు బారజాపి కూర్చున్న పిల్లలకు ఆ వైద్యంతో పనిలేదు. ఒక మాట తోక పట్టుకుని ఇంకో మాట రావాలి, చివరి మాట ఏ కాలి మీద పడితే ఆ కాలు ముడవాలి. ఆ పాటలో మాట చేసే పని అదీ. దాన్ని మందుచీటీగా మార్చితే ఆటే పోతుంది.

పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ అంటూ అర్థంలేని జంటను అప్పటికప్పుడు పుట్టించడం తెలుగువాళ్లందరికీ వచ్చు. 1957 నాటి ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు ఆ అలవాటుకే ప్రాణం పోశారు. కంబళి పక్కన గింబళి, తల్పం పక్కన గిల్పం నిజం వస్తువులై పెళ్లివారిని ముప్పుతిప్పలు పెట్టాయి. అదే సినిమాలో ‘అస్మదీయులు’కు జోడీగా ‘తస్మదీయులు’ వినిపించింది. సంస్కృతం లెక్కన అక్కడ ఉండాల్సింది ‘యుష్మదీయులు’. అయినా నేటి తెలుగు పత్రికలు రాజకీయ వార్తల్లో పింగళి మాటనే వాడుతున్నాయి.