నివురు గప్పిన నిప్పు: కంటికి కనిపించని జంట చుక్కలు



పోయిన నెల ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మనమంతా హాస్టల్ గ్రౌండులో కూర్చున్నాం. అప్పుడు ఆరో తరగతి తమ్ముడొకడు ఆకాశం వైపు చూసి, "అన్నా, సూర్యుడు కాకుంట మనకు అన్నిట్ల దగ్గరున్న చుక్కలు ఏవి? చూపియ్యవా?" అని అడిగాడు. బాగా మెరిసే చుక్కలే దగ్గరగా ఉంటాయని వాడి లెక్క. నిజం చెప్పాలంటే నేనూ అట్లనే అనుకునేవాణ్ణి. తర్వాత లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, మనకు దగ్గరున్న నక్షత్రాల్లో చాలావరకు కంటికి అసలు కనిపించవని! ఈ మాట చెప్తే వాడు, "కనవడకపోతె ఉన్నట్టు ఎట్ల తెలుస్తది?" అన్నాడు. మంచి ప్రశ్న. దానికి జవాబుగానే ఈ వ్యాసం. ఒక జంట నక్షత్రాల కథ చెప్తే జవాబు దానంతటదే వస్తుంది.

ఎర్ర మరుగుజ్జులు అంటే ఏమిటి?

నక్షత్రాలన్నీ సూర్యుడంత ఉండవు. సూర్యుడి కంటే చాలా చిన్నగా, చల్లగా, ఎర్రగా ఉండేవాటిని ఎర్ర మరుగుజ్జు నక్షత్రాలు అంటారు. "చల్లగా" అంటే మనకు చల్లగా అని కాదు. సూర్యుడి పైభాగం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ అయితే, వీటిది సుమారు 2,500 డిగ్రీలు. పొయ్యిలో మంట తెల్లగా వెలుగుతుంది, నిప్పు కణిక ఎర్రగా ఉంటుంది గదా, అట్లన్నమాట.

మన పాలపుంతలో ప్రతి నాలుగు నక్షత్రాల్లో సుమారు మూడు ఇటువంటివే. కానీ వాటిలో ఒక్కటి కూడా ఉత్త కంటికి కనిపించదు. మనం రాత్రి చూసే ఆకాశం దూరాన ఉన్న పెద్ద పెద్ద దీపాల ఆకాశం మాత్రమే. పక్కనున్న కణికలు చీకట్లోనే ఉండిపోయాయి.

జంట చుక్కలు ఎక్కడున్నాయి?

తిమింగలం అనే నక్షత్ర మండలంలో, మనకు సుమారు 8.7 కాంతి సంవత్సరాల దూరంలో రెండు ఎర్ర మరుగుజ్జులు ఉన్నాయి. ఒకదాని పేరు బి.ఎల్. సెటి, రెండోదాని పేరు యు.వి. సెటి. ఇక్కడ "యు.వి." అంటే అతినీలలోహిత కిరణాలు అని పొరపడొద్దు. వెలుగు మారే నక్షత్రాలకు ఇంగ్లీషు అక్షరాలతో వరుసగా పేర్లు పెడతారు, ఆ వరుసలో దీనికి వచ్చిన అక్షరాలు అవి.

8.7 కాంతి సంవత్సరాలంటే అక్కడ బయలుదేరిన వెలుగు మన దగ్గరికి రావడానికి దాదాపు తొమ్మిదేళ్లు పడుతుంది. ఈ రాత్రి ఇక్కడికి చేరే వెలుగు బయలుదేరినప్పుడు మన తొమ్మిదో తరగతి వాళ్లం ఇంకా పలక పట్టుకొని అ ఆలు దిద్దుతున్నాం!

దీన్ని మనకు అర్థమయ్యే కొలతలో చూద్దాం. సూర్యుణ్ణి ఫుట్‌బాల్ అనుకొని మన గ్రౌండులో పెట్టండి. భూమి దానికి సుమారు 24 మీటర్ల దూరంలో 2 మిల్లీమీటర్ల చిన్న గింజ. మరి ఆ జంట చుక్కలో? రెండు చిన్న నిమ్మకాయలు. అవి ఒకదానికొకటి దగ్గరికి వచ్చినప్పుడు 50 మీటర్లు, దూరం జరిగినప్పుడు 200 మీటర్ల ఎడంలో ఉంటాయి. కానీ ఆ నిమ్మకాయలు పెట్టాల్సింది వరంగల్‌లో కాదు, 13,000 కిలోమీటర్ల అవతల, అంటే దాదాపు అమెరికాలోని న్యూయార్క్‌లో!

ఈ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు ఇరవై ఆరున్నర ఏళ్లు పడుతుంది. జంటగా ఉండటం వల్ల మనకొక లాభం ఉంది. ఒంటరి నక్షత్రం బరువు తూచడం కష్టం. జంట అయితే ఒకదాన్నొకటి ఎంత బలంగా లాగుతున్నాయో వాటి తిరుగుడును బట్టి లెక్కగట్టవచ్చు. అట్లా తూచితే ఒక్కొక్కటి సూర్యుడి బరువులో ఎనిమిదో వంతు కూడా లేదని తేలింది.

కనిపించనిదాన్ని ఎట్లా కనిపెట్టారు?

విలెం లుయిటెన్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. యువకుడిగా ఉన్నప్పుడే ఆయనకు ఒక కన్ను చూపు పోయింది. అయినా ఆయన జీవితమంతా చేసిన పని చూడటమే! ఆకాశంలో ఒకే చోటును కొన్నేళ్ల ఎడంతో ఫొటోలు తీసి, రెండు ఫొటోలను పోల్చి, ఏ చుక్క జరిగిందో వెతికేవాడు. బస్సులో పోతుంటే రోడ్డు పక్క చెట్లు గబగబా వెనక్కి పోతాయి, దూరాన గుట్టలు కదలనట్టే ఉంటాయి గదా! చుక్కలూ అంతే. ఎక్కువ జరిగేది సాధారణంగా దగ్గరిది అయి ఉంటుంది. అట్లా 1948లో ఆయనకు ఈ జంట దొరికింది.

అదే సంవత్సరం అమెరికాలోని మౌంట్ విల్సన్ కొండ మీద ఆల్ఫ్రెడ్ జాయ్, మిల్టన్ హుమాసన్ అనే ఇద్దరు ఈ జంట వెలుగును విడదీసి ఫొటో తీస్తుంటే, ఒక్కసారిగా అందులో భగ్గుమన్న గుర్తులు కనిపించాయి. ఈ హుమాసన్ గురించి మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆయన చిన్నప్పుడే బడి మానేశాడు. ఆ కొండ మీదికి కంచర గాడిదల మీద సామాను మోశాడు. తర్వాత అదే అబ్జర్వేటరీలో ఊడ్చే పనికి చేరాడు. రాత్రిళ్లు సాయం చేస్తూ చేస్తూ టెలిస్కోపు పని నేర్చుకొని, చివరికి పేరున్న ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడు. (అట్లని మనం బడి మానేయమని కాదు! ఆయన బడి మానేశాడు గానీ నేర్చుకోవడం మానలేదు.)

1952లో యు.వి. సెటి మరీ పెద్దగా భగ్గుమన్నది. కేవలం 20 సెకన్లలో దాని వెలుగు 75 రెట్లు పెరిగింది! మళ్లీ కాసేపటికి మామూలైంది. ఇట్లా ఉన్నట్టుండి భగ్గుమనే నక్షత్రాలను ఇప్పటికీ "యు.వి. సెటి జాతి" నక్షత్రాలు అనే పిలుస్తారు.

ఎందుకు భగ్గుమంటాయి?

దీనికి మూడు కారణాలు కలిసి వస్తాయి.

ఒకటి, ఉడకడం. సూర్యుడిలో బయటి భాగం మాత్రమే పైకీ కిందికీ కలియబెట్టినట్టు ఉడుకుతుంది. ఈ చిన్న నక్షత్రాలు మన మెస్సులో పప్పు గుండిగ లాగా అడుగు నుంచి పైదాకా మొత్తం కుతకుతలాడుతుంటాయి.

రెండు, తిరగడం. సూర్యుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి సుమారు 25 రోజులు పడుతుంది. ఈ రెండు నక్షత్రాలు ఆరు గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాయి. మనం రాత్రి పడుకొని లేచేసరికి ఒక చుట్టు అయిపోతుంది.

మూడు, అయస్కాంత శక్తి. ఉడుకుతున్న వాయువులో విద్యుత్తు ప్రవహిస్తుంది. అది గిరగిరా తిరిగితే బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్ర రేఖలు తాడు పురి ఎక్కినట్టు మెలికలు పడతాయి. పురి మరీ ఎక్కువైతే తాడు ఏమవుతుంది? తెగుతుంది. ఇక్కడ రేఖలు తెగి మళ్లీ కొత్తగా అతుక్కుంటాయి. అప్పటిదాకా మెలికల్లో దాగిన శక్తి ఒక్కసారి బయటపడి, అక్కడి వాయువు విపరీతంగా వేడెక్కి తెల్లగా, నీలంగా వెలుగుతుంది. దాంతోపాటు ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు, రేడియో తరంగాలు కూడా వస్తాయి.

మన సూర్యుడి మీద కూడా ఇటువంటి మంటలు లేస్తాయి. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో కారింగ్టన్ అనే ఆయన ఒక పెద్దదాన్ని కళ్లారా చూశాడు. తర్వాత భూమి మీద టెలిగ్రాఫ్ తీగలు కూడా దెబ్బతిన్నాయి. మరి సూర్యుడి మొత్తం వెలుగు 75 రెట్లు ఎందుకు పెరగలేదు? మిట్టమధ్యాహ్నం టార్చిలైటు వేస్తే ఎవరికి కనిపిస్తుంది? అదే లైటు అమావాస్య రాత్రి వేస్తే ఊరంతా చూస్తుంది. సూర్యుడి వెలుగు ముందు మంట లెక్కలోకి రాదు. ఎర్ర మరుగుజ్జు అసలు వెలుగే తక్కువ కాబట్టి మంటే ఎక్కువైపోతుంది. పైకి బూడిద కప్పినట్టు మసకగా ఉండి లోపల ఇంత నిప్పు దాచుకున్నాయి కాబట్టే వీటిని నివురు గప్పిన నిప్పు అన్నాను.

కవలలైనా గుణం వేరు

ఈ జంటలో ఇంకో విచిత్రం ఉంది. రెండూ కలిసే పుట్టాయి. బరువు దాదాపు ఒకటే. తిరిగే వేగం దాదాపు ఒకటే. అయినా యు.వి. సెటి అయస్కాంత క్షేత్రం ఎక్కువ బలంగా, ఒక క్రమంలో ఉంది. బి.ఎల్. సెటిది అంతకన్నా తక్కువ, చిందరవందరగా ఉంది. 2017లో శాస్త్రవేత్తలు ఈ తేడాను కొలిచారు. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే మెస్సులో తిని పెరిగినా అన్నదమ్ముల గుణాలు వేరుగా ఉండటం మనకు తెలిసిందే. నక్షత్రాల్లో కూడా ఉందంటే ఆశ్చర్యం కాదా?

అక్కడ ప్రాణులు బతకగలవా?

ఎర్ర మరుగుజ్జులు నిప్పును పొదుపుగా వాడుతాయి. సూర్యుడి ఆయుష్షు మొత్తం సుమారు 1,000 కోట్ల ఏళ్లయితే, వీటిది లక్షల కోట్ల ఏళ్లు. విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్లే అయింది. అంటే ఇప్పటిదాకా ఏ ఎర్ర మరుగుజ్జూ ముసలితనంతో చావలేదు! ప్రాణం పుట్టి పెరగడానికి కావలసినంత సమయం ఉందన్నమాట.

కానీ చిక్కు కూడా ఉంది. చలికి వణికేవాడు చిన్న నెగడు ముందు దగ్గరగా జరగాలి. అట్లనే ఇక్కడ గ్రహం మీద నీళ్లు గడ్డ కట్టకుండా ఉండాలంటే అది నక్షత్రానికి బాగా దగ్గర ఉండాలి. దగ్గరుంటే నిప్పురవ్వలు మీద పడతాయి. మాటిమాటికీ వచ్చే ఎక్స్ కిరణాలు గాలి పొరనే ఊడ్చేయవచ్చు. 2024లో ఈ జంట దగ్గర ఒక గ్రహం ఉండవచ్చన్న గుర్తులు దొరికాయి గానీ అది రూఢి కావాల్సి ఉంది.

సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా కూడా ఇట్లా భగ్గుమనే ఎర్ర మరుగుజ్జే. దానికి గ్రహం ఉందని 2016లో తేలింది. మన దేశం 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పంపిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం 2017లో ప్రాక్సిమా మంటను ఎక్స్ కిరణాల్లో గమనించింది. మన నేల మీది నుంచి ఎగిరిన కన్ను అది!

మన దగ్గర ఈ చదువు

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి అనుకోవద్దు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీ స్థాపించాడు. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకే వైను బప్పు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త అయ్యాడు. చల్లటి నక్షత్రాల వెలుగులో కాల్షియం గీత వెడల్పును బట్టి ఆ నక్షత్రం అసలు వెలుగు ఎంతో చెప్పవచ్చని 1957లో ఆయన, విల్సన్ కలిసి చూపారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల్, రంగాపూర్ ఊళ్ల దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. మన ఉస్మానియా శాస్త్రవేత్తలు జంట నక్షత్రాల మీద, ముఖ్యంగా ఒకదాన్నొకటి మరుగుపరిచే జంటల మీద, ఎన్నో ఏళ్లు పరిశోధన చేశారు.

మనం ఎట్లా చూడాలి?

డిసెంబరు మొదటి వారంలో రాత్రి 9 గంటలకు దక్షిణం వైపు తిరిగి నిలబడండి. ఆకాశంలో సగం కన్నా కొంచెం పైన ఒక మామూలు చుక్క కనిపిస్తుంది. దాని పేరు టౌ సెటి. దాని నుంచి కిందికి, కాస్త కుడివైపుగా, చేయి చాపి పట్టుకున్న బొటనవేలి వెడల్పు కంటే కొంచెం ఎక్కువ దూరంలో చూడండి. అక్కడ మీకు ఏమీ కనిపించదు. ఉత్త చీకటి. కానీ మన జంట చుక్కలు ఉన్నది సరిగ్గా అక్కడే.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే. కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు. అట్లని ఎవరో చెప్పారని నమ్మాల్సిన పని కూడా లేదు. జరిగితే ఫొటోలో తెలుస్తుంది, తిరిగితే బరువు తెలుస్తుంది, మండితే వెలుగులో తెలుస్తుంది. ఓపికగా చూసేవాళ్లు ఉండాలి, అంతే.

వార్డెన్ సార్‌కు మనవి: డిసెంబరులో ఒక్క రాత్రి, స్టడీ అవర్ అయినాక, గ్రౌండు లైట్లు అరగంట ఆర్పిస్తే అందరం కలిసి టౌ సెటిని చూస్తాం. అల్లరి చేయమని మాట ఇస్తున్నాం.

ఆలోచించండి, జవాబు రాసి ఈ పత్రిక కింద అంటించండి:
1. చుక్క మెరుపును బట్టి దాని దూరం చెప్పవచ్చా? ఎందుకు?
2. జంట నక్షత్రాల బరువు తూచడం ఎందుకు తేలిక?
3. ఎర్ర మరుగుజ్జు పక్కన గ్రహం ఉంటే ఒక మేలు, ఒక కీడు చెప్పండి.

— విజ్ఞాన విభాగం, 9వ తరగతి