గుణదల కొండ, గుండు మొక్కు

విజయవాడ అనగానే మనకి ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మే గుర్తొస్తుంది. ఊరికి రెండో కొసన, ఏలూరు రోడ్డు పక్కన, ఇంకో కొండ మీద ఇంకో అమ్మ ఉంది. ఆవిడే గుణదల మేరీమాత. ఆవిడ దగ్గరకి వెళ్ళేవాళ్ళంతా క్రైస్తవులే అనుకుంటే పొరపాటే సుమండీ!

వందేళ్ళ కిందట గుణదల బెజవాడకి ఎడంగా ఉన్న పల్లె. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి అక్కడ సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమం చూసుకునేవారు. 1920లలో కొండ మీద మరియమ్మ విగ్రహం పెట్టించింది ఆయనే. చర్చి కట్టడం 1937లో పూర్తయింది. 1985లో గుణదల పంచాయతీ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి గానీ, కొండవాలు ఇళ్ళవాళ్ళకి గ్యాసు సిలిండరు భుజాన మోసుకుంటూ మెట్లెక్కే బాధ తప్పలేదు.

ఈ మాతని లూర్దు మాత అని కూడా అంటారు. ఫ్రాన్సులో లూర్దు అనే ఊళ్ళో, 1858 ఫిబ్రవరి 11న, బెర్నడెట్ అనే పధ్నాలుగేళ్ళ పిల్ల పుల్లలేరుకోవడానికి వెళ్తే కొండగుహలో మరియమ్మ కనిపించిందట. పిండిమర నడిపేవాళ్ళమ్మాయి, పైగా ఉబ్బసం మనిషి. అమ్మ కనిపించడానికి పొయ్యిలోకి పుల్లలు లేని ఇంటిపిల్లనే ఎంచుకోవడం నాకెందుకో చాలా నచ్చుతుంది. ఆ తేదీని బట్టే ఇక్కడ ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు జరుగుతాయి.

కొండెక్కి చూడండి, కొత్తచోటికి వచ్చినట్టే ఉండదు. కొవ్వొత్తులతో పాటు కొబ్బరికాయలూ ఇస్తారు, తలనీలాలూ ఇస్తారు. ఇవి లూర్దు నుంచి వచ్చిన అలవాట్లు కావు. మన ఆడవాళ్ళు మొక్కడం తమకి ఎలా చేతనవునో అలాగే మొక్కారు, అంతే.

నేనూ మొక్కాను. మా రెండోవాడికి ఏడాది నిండకుండానే జ్వరం వస్తే చాలు, ఫిట్స్ వచ్చేవి. డాక్టరుగారు మందులిచ్చారు, మానకుండా వేశాం. అయినా తల్లి ప్రాణం ఊరుకుంటుందా? పక్కింటి పిన్నిగారు "గుణదల మాతకి గుండు మొక్కుకోవే" అన్నారు. మా అత్తగారు మడీ ఆచారం ఉన్న మనిషి. ఆవిడకి చెప్పకుండా వెళ్ళాను. మరి తిరిగొచ్చాక గుండు ఎక్కడ దాచను? ఆవిడ చూసి "ఏ కొండ మీద తీయించావు?" అన్నారు. చెప్పాను. ఆ పూట నాతో మాట్లాడలేదు, సరిగా భోజనం కూడా చెయ్యలేదు. సాయంత్రం చూస్తే గంధం అరగదీసి వాడి తలకి రాస్తున్నారు. "ఎండకి మాడు మండుతుంది, ఇది కూడా తెలీదా నీకు?" అని నన్నే కేకలేశారు. ఆ సంగతి మళ్ళీ మా ఇద్దరి మధ్యా రాలేదు.

తిరునాళ్ళ మూడు రోజులూ గుణదల ఇల్లాళ్ళకి వంటిల్లే లోకం. దివిసీమ నుంచీ, గుడివాడ నుంచీ, ఏలూరు వైపు నుంచీ చుట్టాలు దిగుతారు. డాబా మీద చాపలు పరిచి, పెద్ద గిన్నెలో పులిహోర కలిపి పెట్టేస్తే పిల్లలు అడగాల్సిన పని ఉండదు. బస్సులు మళ్ళించేశారనీ, పాలవాడు రాలేదనీ సణుక్కుంటారు. చుట్టాలు రాని ఏడు మళ్ళీ అదే నోటితో "ఇల్లంతా బోసిపోయిందే" అంటారు.

మీరు ఈసారి వెళ్తే తెల్లవారుజామునే మెట్లెక్కండి. పిల్లల జేబులో పేరూ, ఫోను నంబరూ రాసిన చీటీ పెట్టండి. గొలుసులు ఇంట్లోనే ఉంచండి. మెట్ల మీద కరిగిన మైనం కాలికి జారుతుంది, పెద్దవాళ్ళ చెయ్యి వదలొద్దు. కొవ్వొత్తి వెలిగించే చోటు వేరే ఉండగా దారిలో వెలిగించడం ఏం భక్తో నాకర్థం కాదు. ఇంటికి తెచ్చుకున్న కొబ్బరిచిప్పలు మాత్రం రెండో రోజుకే జిగురొస్తాయి. వచ్చిన పూటే తురిమి, బెల్లం వేసి లౌజు చేసెయ్యండి. పక్కింటికి పంపడానికి బాగుంటుంది.