ఆపరేషన్‌కు ప్రేక్షకులా?

ఆపరేషన్ అంటేనే మనకు గుండె దడ. ఇక ఆ ఆపరేషన్‌ను హాలునిండా కూర్చున్న డాక్టర్లు తెర మీద చూస్తుంటారంటే? "ఇదేం చోద్యమమ్మా!" అంటారు మీరు. కాని హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వంటి చోట్ల, రోగికి ఎండోస్కోపీ చేస్తూ దాన్ని ఇతర డాక్టర్లకు ప్రత్యక్షంగా చూపించే శిబిరాలు ఏళ్ల తరబడి జరుగుతున్నాయి. మన నారాయణపేటకు కూడా 2024లో 50 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది కదా. చూసి నేర్చుకునే పిల్లలు ఇక మన మంచాల దగ్గరికీ వస్తారు.

రావద్దనలేం. మన ఊళ్లో మగ్గం పని పుస్తకం చదివి నేర్చుకున్నదెవరు? పెద్దల పక్కన కూచుని, వాళ్ల చెయ్యి ఆడే తీరు చూసి నేర్చుకున్నారు. అయితే మగ్గం మీద పోగు తెగితే అతుక్కోవచ్చు. ఒంటి సంగతి అలా కాదాయె!

ప్రత్యక్ష ప్రదర్శనలో చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. ఆపరేషన్ చేసే పెద్ద సర్జను తరచు పైఊరి నుంచి వస్తాడు. ఆ థియేటరూ, అక్కడి నర్సులూ ఆయనకు కొత్త. రోగిని ముందురోజో, ఆ పూటో చూసి ఉంటాడు. చెయ్యి లోపల పని చేస్తుంటే చెవిలో హాల్లోవాళ్ల ప్రశ్నలు! పని మొండికేసినప్పుడు, ఇక్కడితో ఆపుదామనడానికి ఇంతమంది ముందు మనసొప్పాలి కదా. సాయంత్రానికి ఆయన విమానం ఎక్కి వెళ్లిపోతే, రాత్రి జ్వరమొచ్చిన రోగిని చూసేదెవరు?

2015లో ఢిల్లీ ఎయిమ్స్‌లో జపాను సర్జను ఒకరు కాలేయానికి చేసిన ఆపరేషన్‌ను ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. ఆ తర్వాత రోగి మరణించాడు. ప్రసారమే అందుకు కారణమని అనలేం గాని, ఇలాంటివి ఉండాలా వద్దా అని డాక్టర్లలోనే పెద్ద చర్చ లేచింది.

యూరపులో మూత్రకోశ వైద్యుల సంఘం 2014లోనే దీనికి నియమాలు రాసుకుంది. వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. రోగి మేలు చూడటమే పనిగా ఒక డాక్టరు ఉండాలట! పెళ్లిలో పిల్ల తరఫు పెద్దమనిషిలాగా అన్నమాట. ముందుగా రికార్డు చేసిన ఆపరేషన్‌ను చూపిస్తే ఈ తొందర, తత్తరపాటు ఉండవు. చాలా పాఠాలకు అదే చాలునని నా అభిప్రాయం.

మరి మనం ఏం చెయ్యాలి? ఆపరేషన్‌కు పెట్టే సంతకం వేరు, దాన్ని పదిమందికి చూపడానికి పెట్టే సంతకం వేరు. కాగితం చేతికిచ్చినప్పుడు కత్తి పట్టేదెవరో, తర్వాత చూసుకునేదెవరో, ముఖమూ పేరూ తెర మీద కనపడతాయా అని అడగండి. వద్దంటే వైద్యం ఆగకూడదు, తేదీ వెనక్కి పోకూడదు. ఒప్పుకున్నాక కూడా మనసు మార్చుకోవచ్చు. ఇవన్నీ అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందేమోనని జంకకండి. మంచి డాక్టరు తానే చెబుతాడు.

ఇంకొక సంగతి. మన ఇళ్లలో భర్తో, అత్తగారో సంతకం చేసేస్తుంటారు. ఒక మహిళ మత్తులో ఉండగా తల్లి ఒప్పుకున్నదని గర్భసంచి తీసేసిన కేసులో, 2008లో సుప్రీంకోర్టు ఆ ఒప్పుదల చెల్లదన్నది. ఆమె వయసొచ్చిన మనిషి, ప్రాణం మీదికి వచ్చిన అవసరమూ లేదు, మెలకువ వచ్చాక ఆమెనే అడగవలసింది అని.