కుండీ మొక్కలకు వానపాముల ఎరువు

"సిస్టర్ గారూ, వానపాముల ఎరువు చేత్తో కలిపితే పిల్లలకు కడుపులో పాములు పడతాయంట కదా?"

రక్తహీనత ఉన్న తల్లులకు ఆకుకూరలు బాగా తినమనీ, వీలుంటే డాబా మీద నాలుగు కుండీలు పెట్టి పెంచుకోమనీ చెప్పినప్పుడు తరచుగా వినే ప్రశ్న ఇది. అడగడంలో తప్పు లేదు. పిల్లల మలంలో పడే ఏలికపామును, పెరట్లో వానపామును చూస్తే రెండూ ఒకే జాతి అనిపిస్తుంది. నిజానికి వాటి మధ్య ఏ చుట్టరికమూ లేదు. ఏలికపాము ఎదిగి గుడ్లు పెట్టేది మనిషి పేగులలోనే. ఆ గుడ్లు మలం ద్వారా మట్టిలో చేరతాయి. మట్టి అంటిన చేతుల ద్వారా, సరిగా కడగని కూరల ద్వారా మళ్లీ నోట్లోకి వస్తాయి. వానపాము మట్టిలో పుట్టి, కుళ్లిన ఆకూ అలమూ తిని, మట్టిలోనే చనిపోతుంది. మన కడుపులో అది బతకలేదు. మలం కలిసిన మట్టికి భయపడండి, వానపాముకు భయపడకండి. పిల్లలకు కడుపులో పాములు రాకుండా 2015 నుంచి బడులలో, అంగన్‌వాడీలలో నులిపురుగుల నివారణ దినం నాడు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. కుండీలు పెంచినా, పెంచకపోయినా ఆ మాత్ర తప్పక మింగించండి.

ఇక కుండీల సంగతి ఆసుపత్రి వాళ్లకెందుకు అని మీరు అనవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఏడాదికి రెండు పంటలు పండే కృష్ణా డెల్టా ఉన్న రాష్ట్రం మనది. అన్నానికి కొదవ లేదు, ఆ అన్నంలో కలుపుకునేదే చాలడం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు మనిషికి 100 గ్రాముల ఆకుకూర తినమంటుంది. నలుగురున్న ఇంట్లో అది రోజుకు దాదాపు అరకిలో. వానలు పట్టినప్పుడు, ఎండలు ముదిరినప్పుడు బజారులో కట్ట చిన్నదవుతుంది, ధర పెద్దదవుతుంది. అందుకని మొదట కోత పడేది ఆకుకూరకే. డాబా మీద మూడు నాలుగు వెడల్పాటి టబ్బులుంటే ఇంటి అవసరమంతా తీరదు గానీ, వారంలో రెండు మూడు పూటలు కూర వస్తుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆకుకూరలోని ఇనుము మన ఒంటికి కొద్దిగానే పడుతుంది. అందులో నిమ్మరసం పిండుకుంటే కాస్త ఎక్కువ పడుతుంది, భోజనం కాగానే టీ తాగితే ఆ కాస్తా పోతుంది. కనుక గర్భిణులు తోటకూర తింటున్నామని ఐరన్ మాత్రలు మానకూడదు.

వానపాము చేసే పని ఏమిటో చూద్దాం. కోడికి ఉన్నట్టే వానపాముకూ కందనకాయ ఉంటుంది. పళ్లు లేని ఆ ప్రాణి తాను మింగిన మట్టినీ, కుళ్లిన ఆకునూ అందులో నూరుకుంటుంది. పేగులలో ఉన్న సూక్ష్మజీవులు దానిని ఇంకా మెత్తబరుస్తాయి. బయటికి వచ్చేది సన్నటి నల్లని గుళికలు. మొక్క వేరు సులువుగా పీల్చుకోగల రూపంలో పోషకాలు అందులో ఉంటాయి. చార్లెస్ డార్విన్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన ఎన్నో ఏళ్లు వానపాములను గమనించి, నేలపైన ఉండే సారవంతమైన మట్టి వాటి కడుపులోంచి వచ్చిందేనని 1881లో ఒక పుస్తకమే రాశాడు.

అయితే దీన్ని మంత్రంలా అనుకోవద్దు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని ఉంటే, వానపాముల ఎరువులో ఒకటి రెండు పాళ్లే ఉంటుంది. ఎకరాల లెక్కన చూస్తే ఇది చిన్న సంగతి. కుండీకి వచ్చేసరికి లెక్క మారుతుంది. పొలంలో మొక్క వేరు కావలసినంత దూరం వెతుక్కుంటూ పోతుంది. కుండీలో దానికి జానెడు మట్టే లోకం. మనం నీళ్లు పోసినప్పుడల్లా అడుగు రంధ్రం గుండా కొంత సారం కారిపోతుంది. అలాగని యూరియా ఒక చెంచా ఎక్కువ వేస్తే ఆ కొద్ది మట్టిలో ఉప్పు పెరిగి వేళ్లు మాడిపోతాయి. వానపాముల ఎరువు మెల్లగా సారం వదులుతుంది, తడిని పట్టి ఉంచుతుంది, మట్టిని గుల్లగా ఉంచుతుంది. ఈ మూడో గుణమే మన ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యం.

ఎందుకంటే గుడివాడ, బందరు వైపు మన నేల నల్లరేగడి. వరికి బంగారం లాంటిది, కుండీకి మాత్రం పనికిరాదు. తడిస్తే జిగురు ముద్దవుతుంది, ఎండితే రాయిలా బిగుసుకుని అంచుల దగ్గర పగులు ఇస్తుంది. పోసిన నీళ్లు ఆ పగుళ్లలోంచి నేరుగా కిందికి పోతాయి, వేళ్లకు అందవు. కనుక కుండీకి ఎర్రమట్టి తెచ్చుకోండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వానపాముల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపితే సరిపోతుంది. పొట్టులో ఉప్పు ఉండవచ్చు, రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండండి. నల్లమట్టి తప్ప దొరకదంటే అందులో ఇసుక సగానికి సగం కలపండి. ఎరువు మూడో వంతుకు మించనక్కరలేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ కాస్తుందనుకుంటారు, కానీ ఉత్త ఎరువులో మొక్క ఎదుగుదల తగ్గిపోతుంది. ఆ తరువాత మూడు నాలుగు వారాలకు ఒకసారి కుండీకి రెండు గుప్పెళ్లు పైపైన చల్లి, మట్టితో కలిపి తడపండి. తోటకూర గింజ వేసిన నెల లోపే కోతకు వస్తుంది, మెంతికూర ఇంకా ముందే వస్తుంది. పాలకూర మన మే నెల ఎండకు నిలవదు, చలికాలానికి ఉంచుకోండి. వేసవిలో తోటకూర, బచ్చలి, గోంగూర నమ్మదగినవి.

నాగాయలంక, కోడూరు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవారు బోరు నీరు ఉప్పగా ఉంటే కుండీలకు పోయవద్దు. వాన నీరో, కాలువ నీరో వాడండి. ఉప్పు నీటికి వానపాములు చచ్చిపోతాయి కూడా.

ఎరువు ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. పాత ప్లాస్టిక్ బకెట్టుకు అడుగున, పక్కన రంధ్రాలు పెట్టండి. పురుగుమందుల డబ్బా మాత్రం ఎంత కడిగినా వాడవద్దు. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పీచు, దాని మీద ఎండుటాకులు, ఆపైన మాగిన పేడ వేయాలి. పచ్చి పేడ వేస్తే అది కాగి వేడి పుట్టి వానపాములు చస్తాయి. నీడలో రెండు మూడు వారాలు ఉంచి, చేయి పెడితే చల్లగా తగిలిన పేడనే వాడండి. పావు కిలో వానపాములు వేసి తడి గోనె పట్టా కప్పండి. వాటికి ఊపిరితిత్తులు ఉండవు, చర్మంతోనే గాలి పీల్చుకుంటాయి. అందుకే చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి, అలాగని నీటిలో మునిగితే బతకవు. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. పావు కిలో పాములు రోజుకు తినేది ఓ గుప్పెడు కూర తొక్కలు మాత్రమే. ఇంటి చెత్తంతా ఒక్కసారి పడేస్తే కుళ్లి కంపు కొడుతుంది. ఊరగాయ, చింతపండు, నిమ్మ తొక్కలు, నూనె తగిలినవి, చేపల పొట్టు, కోడి వ్యర్థాలు వద్దు. కుక్క, పిల్లి మలం అసలే వద్దు.

రెండు నెలలలో పైభాగం టీ పొడిలా మారుతుంది. మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపి, నీడలో గోపురంలా పోస్తే పాములు తడి వెతుక్కుంటూ కిందికి పోతాయి. పైనుంచి తీసి జల్లెడ పట్టుకోండి. కొనేటప్పుడు కూడా ఇదే గుర్తు. తొలకరి వాసన రావాలి. పేడ వాసన వచ్చినా, వేడిగా ఉన్నా అది ఇంకా మాగలేదన్నమాట. బరువుకు ఇసుక కలిపారేమోనని అనుమానం వస్తే గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కలపండి. ఇసుక వెంటనే అడుగుకు దిగుతుంది.

మన పల్లెల్లో ప్రకృతి వ్యవసాయం చేసే కొందరు రైతులు ఈ ఎరువును ఒప్పుకోరు. సుభాష్ పాలేకర్ గారు ఈ ఎర్ర పాములు విదేశీవని, అసలైన వానపాములే కాదని, వీటి ఎరువు వద్దని చెబుతూ వచ్చారు. ఇవి వానపాముల జాతివే గానీ, పొలంలో లోతుగా బొరియలు చేసేవి కావు, చెత్తలో బతికేవి. అది నిజమే. మట్టిలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను అవి ఒంట్లో పట్టుకుంటాయన్నదీ నిజమే. కనుక ఊరి చెత్తతో, మురికి కాలువ బురదతో చేసిన ఎరువును నేను కూరమొక్కలకు సిఫారసు చేయను. మన వంటింటి తొక్కలూ, మన గేదె పేడా వేసి చేసుకున్న ఎరువుకు ఆ భయం అక్కరలేదు. పాములను జల్లించి బకెట్టులోనే ఉంచండి, కుండీలో వేయకండి. విజయవాడ రోహిణి కార్తె ఎండకు డాబా మీది కుండీలో అవి బతకవు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఈ ఎరువు తయారీలో వేడి పుట్టదు గనుక పేడలోని రోగక్రిములన్నీ చచ్చాయని అనుకోకూడదు. కొత్తిమీర, పుదీనా వంటి పచ్చిగా తినేవాటిని ధారగా పారే నీటిలో రెండు మూడు సార్లు కడగండి. పని అయ్యాక చేతులు, గోళ్ల సందులు సబ్బుతో కడుక్కోండి. పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. పూర్వం పసిబిడ్డ బొడ్డు మీద పేడ రాసి ఎందరు బిడ్డలను పోగొట్టుకున్నారో పెద్దలనడిగితే చెబుతారు. 2015లో మన దేశం బాలింతల, పసికందుల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది గానీ, ఆ క్రిమి మట్టిలోంచి పోలేదు. చేతికి గాయం ఉంటే తొడుగు వేసుకోండి, టీడీ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నేళ్లయిందో చూసుకోండి. షుగరు వ్యాధి ఉన్నవారు చెప్పులు లేకుండా తడి మట్టిలో నిలబడవద్దు. వానాకాలపు మట్టిలో ఉండే ఒక బాక్టీరియా వల్ల మెలియాయిడోసిస్ అనే జబ్బు వస్తుంది, అది షుగరు ఉన్నవారినే ఎక్కువగా పట్టుకుంటుంది. మట్టి పని చేసిన వారికి వారం పైగా తగ్గని జ్వరం ఉంటే డాక్టరుకు ఆ సంగతి కూడా చెప్పండి.

కుండీ కింద పళ్లెంలో నీరు నిలవనీయవద్దు. డెంగీ దోమకు ఆ నీరు చాలు, గుడ్డు దోమయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి పళ్లెం పారబోసి, అంచులు గట్టిగా రుద్ది కడగండి, గుడ్లు అంచులకే అతుక్కుని ఉంటాయి. చీమలు రాకుండా బకెట్టును నీళ్ల పళ్లెంలో పెట్టేవారు ఆ నీటిలో ఉప్పు బాగా ఎక్కువగా కలపండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు వాకిట్లో కుండీలు కూడా రోజుల తరబడి మురుగు నీటిలో ఉన్నాయి. అటువంటి మట్టిలో ఎంత మంచి ఎరువు కలిపినా ఆకుకూర వేయకండి. కుండీని సబ్బుతో కడిగి ఎండబెట్టి, కొత్త మట్టి పోయండి. పాత మట్టిని బాగా ఎండనిచ్చి మందారానికో, నందివర్ధనానికో వాడుకోవచ్చు.