మిగిలిన అన్నానికి పోపు

అమెరికాలో సెప్టెంబర్ 20ని ఫ్రైడ్ రైస్ దినంగా జరుపుకుంటారు. ఈ వంటకం 581-618 మధ్య చైనాను ఏలిన సూయ్ వంశం నాడు యాంగ్జౌ నగరంలో పుట్టిందని ప్రతీతి. మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పని ప్రతి వంటింట్లోనూ అది మళ్లీ మళ్లీ పుట్టిందనడమే సబబు.

బెల్లంపల్లి వంటి సింగరేణి బొగ్గుగనుల ఊళ్లలో పొద్దున పొయ్యి మీద కనిపించే పోపన్నం కూడా ఆ కోవదే. రాత్రి అన్నాన్ని పొడిపొడిగా చిదుపుతారు. నూనెలో ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, కరివేపాకు వేగాక పసుపు, ఉప్పు వేసి కలుపుతారు. వేడన్నంతో చేస్తే ముద్దవుతుంది. చల్లారిన అన్నంలో పిండిపదార్థం గట్టిపడి, పైతడి ఆరి, మెతుకులు విడివడతాయి. సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి మీద గరిటె చప్పుళ్ల మధ్య నడిచేదీ ఇదే సూత్రం. సోయా సాస్, పెద్ద మంట అదనం.

అన్నానికి పండుగ కావాలంటే తెలంగాణకు అమెరికా క్యాలెండర్ అక్కర్లేదు, సద్దుల బతుకమ్మ ఉంది. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలైన వేడుక తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దులు కలిపి, బతుకమ్మను నీళ్లలో వదిలాక పంచుకుంటారు. ఇవి వేపుళ్లు కావు గానీ, వీటి రుచిలో పోపుదే పెద్ద వాటా. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది.

పోపన్నానికి దాచే అన్నాన్ని మాత్రం రాత్రంతా బయట వదలకూడదు. అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ బాక్టీరియా విషం మళ్లీ వేయించినా పోదు. వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి.